స్పర్శ నెరిగిన పొర

అలిపిరి నుండి తిరుమలకు కాలినడకన వెళ్లే భక్తులు దాదాపు 3,550 మెట్లు ఎక్కుతారు. మెట్టు మెట్టుకూ పాదం వంగుతుంది, అరికాలి చర్మం సాగుతుంది. రాతి వేడిమి, గులకరాతి మొన వెంటనే నాడుల ద్వారా మెదడుకు తెలుస్తాయి. ముల్లు గుచ్చుకొన్న మరుక్షణమే కాలు వెనుకకు వస్తుంది. మధుమేహం వలన పాదాల నాడులు దెబ్బతిన్నవారికి ఈ రక్షణ ఉండదు. గాయమైన సంగతి వారికి తెలియదు. తెలిసేసరికి పుండు ముదిరి, ఒక్కొక్కప్పుడు కాలినే తీసివేయవలసి వస్తుంది. నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి పోలియో పీడితులకు, ఎముకల వ్యాధిగ్రస్తులకు ఆసరాగా నిలిచింది. ఇటువంటి వైద్యాలయాలు అమర్చే కృత్రిమావయవాలు మనిషిని నిలబెడతాయి, నడిపిస్తాయి. కాని సాధారణమైన కృత్రిమ హస్తం తాను పట్టుకొన్నది పువ్వో, రాయో చెప్పలేదు. ఈ లోటును తీర్చడానికి శాస్త్రజ్ఞులు రూపొందిస్తున్న సాధనాలలో వంగే పాలిమర్ సెన్సర్లు ముఖ్యమైనవి.

వంపును కొలవడం ఎలా? బుట్టలల్లేవారు పచ్చి వెదురు బద్దను వంచేటప్పుడు గమనించండి. బద్ద వెలుపలి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకొంటుంది. నడుమ ఉన్న పొర సాగదు, కుదించుకోదు. మితిమీరి వంచితే మొదట చిట్లేది వెలుపలి నారలే. ప్లాస్టిక్ పట్టీకీ ఇదే సూత్రం వర్తిస్తుంది. 1 మిల్లీమీటరు మందం గల పట్టీని 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే దాని వెలుపలి ముఖం నూటికి 1 వంతు సాగుతుంది. మందం తగ్గితే ఈ సాగుదల కూడా తగ్గుతుంది. అందువలననే పలుచని పొర విరగకుండా ఎంతో వంగగలదు. సెన్సర్‌ను పట్టీ ఉపరితలం మీద అతికిస్తేనే అది వంపును గుర్తిస్తుంది. సరిగా నడుమ పొరలో అమర్చితే దానికి వంపు తెలియదు.

ఈ సాగుదలను విద్యుత్సంకేతంగా మార్చే మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది నిరోధానికి సంబంధించినది. లోహపు తీగ సాగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుందని లార్డ్ కెల్విన్ 1856లో నిరూపించాడు. అయితే లోహం ఎక్కువగా సాగదు. రబ్బరు సాగుతుంది గాని విద్యుత్తును ప్రసరింపజేయదు. ఆ రబ్బరులో కార్బన్ రేణువులను తగినంతగా కలిపితే, ఒకదానినొకటి తాకే రేణువుల వరుస విద్యుత్తుకు బాట అవుతుంది. పొర సాగినప్పుడు రేణువులు ఎడమవుతాయి, బాటలు తెగుతాయి, నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలే వంపుకు కొలమానం.

రెండవది పీడన విద్యుత్తు. పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ అనే పాలిమర్‌లో ఈ గుణం బలంగా ఉన్నదని జపాను శాస్త్రవేత్త కవాయ్ 1969లో వెల్లడించాడు. తగిన విధంగా సిద్ధపరచిన ఈ పొరను వంచగానే దాని రెండు ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. అయితే వంపు మారుతున్నంత సేపే ఇది పలుకుతుంది. వంగి కదలక నిలిచిపోతే సంకేతం క్రమంగా అణగిపోతుంది. కనుక నాడి కొట్టుకోవడాన్ని, అడుగు వేయడాన్ని గుర్తించడానికి ఇది తగినది. మడిచిన వేలు ఎంతసేపు మడిచి ఉన్నదో తెలియాలంటే మొదటి రకమే మేలు.

మొదటి రకానికీ లోపాలున్నాయి. సాగిన రబ్బరు వెంటనే పూర్వస్థితికి రాదు. అందువలన వంచేటప్పుడు, విడిచేటప్పుడు ఒకే వంపుకు వేర్వేరు విలువలు రావచ్చును. వేడిమి, చెమట కూడా కొలతను తారుమారు చేస్తాయి. కావున మధ్య మధ్య సరిచూసుకోవడం అవసరం.

ఈ పొరను చేతితొడుగులో కుడితే శస్త్రచికిత్స తరువాత వేలు నేడెంత వంగిందో అంకెలలో తెలుస్తుంది. పాదరక్షలో అమర్చితే స్పర్శ కోల్పోయిన పాదం మీద ఎక్కడ ఒత్తిడి పెరుగుతున్నదో గాయానికి ముందే హెచ్చరించవచ్చును. ఇది నాడికి సాటి రాదు. కాని ఒక కాలును కాపాడినా ఆ శ్రమ సార్థకమే.

ప్రశ్నలు
1. నొప్పిని రచయిత కావలివాడని ఎందుకన్నారు?
2. కార్బన్ కలిపిన రబ్బరు వంపును ఎట్లు తెలియజేస్తుంది?
3. రెండు రకాల సెన్సర్లలో ఏది ఏ పనికి తగినదో కారణాలతో వివరించండి.