బట్టీలోని హాగరు

చదువవలసిన భాగములు: ఆదికాండము 16, 21 అధ్యాయములు, ద్వితీయోపదేశకాండము 23:15, 16



హాగరు ఐగుప్తీయురాలు. అబ్రాము గుడారములో ఆమె దాసి. మొరపెట్టుకొనుటకు పుట్టింటివారెవరును దగ్గర లేరు. శారయి ఆమెను శ్రమపెట్టినప్పుడు అబ్రాము అడ్డుచెప్పలేదు. గర్భిణియైన ఆమె అరణ్యమార్గము పట్టినది. అక్కడ దేవదూత ఆమెను పేరుపెట్టి పిలిచెను. అబ్రాము గాని శారయి గాని ఆమెను పేరుతో పిలిచినట్లు ఎక్కడను వ్రాయబడలేదు, చదివి చూడుడి.

అట్టి స్త్రీలు నేడు మన ఊరి పొలిమేరలోనే ఉన్నారు. పశ్చిమ ఒడిశానుండి, ముఖ్యముగా బలంగీరు, నువాపడ జిల్లాలనుండి, కోతలైన పిమ్మట కుటుంబములకు కుటుంబములే తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చి, వానలకు ముందు తిరిగి పోవుదురు. అడ్వాన్సు సాధారణముగా మగవాని చేతికి ముట్టును. కూలి వేయి ఇటుకల లెక్కను కుటుంబమంతటికి ఒకే పద్దు. భార్య పొద్దస్తమానము మట్టి తొక్కినను, ఇటుకలు మోసినను, ఆమె పేర ఒక్క రూపాయి వ్రాయరు. అట్టి భర్త కొట్టినప్పుడు ఆమె ఎక్కడికి పోవును? భాష రాదు, దారి తెలియదు. పోయినను, బాకీ యెవరు తీర్చుదురని మేస్త్రీ వెదకుకొనుచు వచ్చును.

దేవదూత హాగరును తిరిగి పొమ్మనెను గదా అని కొందరు పెద్దలు ఆ వచనము చూపుదురు. ఆ మాట ముందున్నదంతయు ఎరిగిన ప్రభువు పక్షముగా, వాగ్దానముతో కూడ చెప్పబడినది. ఆ అధికారము సంఘపెద్దలకు ఇయ్యబడలేదు. మనకియ్యబడిన ఆజ్ఞ ద్వితీయోపదేశకాండములో ఉన్నది: తప్పించుకొని వచ్చిన దాసుని యజమానునికి అప్పగింపక, అతడు కోరిన ఊరిలో ఉండనియ్యవలెను. 21వ అధ్యాయములోనైతే దేవుడు హాగరును వెనుకకు పంపనే లేదు, నీళ్ల ఊటను చూపెను. సర్దుకుపొమ్మని చెప్పుట సులభము. దెబ్బలు చెప్పినవానికి తగలవు గదా!

కాబట్టి అట్టి స్త్రీ మన గడపకు వచ్చినయెడల, స్త్రీల సమాజమువారు ముందుగా అన్నము పెట్టి, ఒంటరిగా మాటలాడనియ్యవలెను. భర్తను పిలిపించి రాజీకి కూర్చుండబెట్టకుడి. ఆమె మాటను తెలుగులో చెప్పుటకు ఆమె బిడ్డను గాని మేస్త్రీ మనిషిని గాని పెట్టకుడి. ప్రాణభయమున్నచో 112కు, సహాయమునకు 181కి ఫోను చేయవచ్చును. జిల్లాలోని సఖి కేంద్రములో తాత్కాలికముగా తలదాచుకొనుటకు చోటు దొరకును.

2005 సంవత్సరపు గృహహింస చట్టములో మన సంఘములకు తెలియవలసిన సంగతులున్నవి. హింస జరుగుచున్నదని రక్షణాధికారికి ఎవరైనను తెలుపవచ్చును. సద్భావముతో తెలిపినవారిమీద ఏ కేసును నిలువదు (4వ సెక్షను). ఆమె తాత్కాలికముగా నివసించుచున్న చోటి మేజిస్ట్రేటే ఆమె మొర వినవచ్చును. దానికొరకు ఒడిశా పోనక్కరలేదు (27వ సెక్షను). ఉచితముగా వకీలును పెట్టించుకొను హక్కు స్త్రీకి వేరొక చట్టమువలన ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగవలెను. ఇక డబ్బు సంగతి. కోర్టు ఇమ్మన్న సొమ్ము భర్త చెల్లింపనియెడల, అతని కూలిలో కొంత భాగము నేరుగా ఆమెకే ఇయ్యవలెనని బట్టీ యజమానికే మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవచ్చును (20వ సెక్షను). ఈ సంగతిని ఆమె భాష తెలిసినవారిచేత ఆమెకు చెప్పింపుడి.