మంచుబండికి తగిన పాదరక్షలు

ప్రశ్న: మిషిగన్ ఉత్తరభాగమున చదువుకొనుచున్నాను. ఈ శీతకాలమున స్నోమొబైలు నడుపదలచితిని. నడకకు కొన్న మంచుబూట్లు చాలునా?

జవాబు: చాలవు. నడచువాని పాదము కదలికచేతనే కొంత వేడిని పుట్టించుకొనును. స్నోమొబైలుపై కూర్చున్నవాని పాదమో, గంటలతరబడి నిశ్చలముగా నుండి, ఎదురుగాలికిని, ఎగజిమ్ము మంచుపొడికిని గురియగుచుండును. కావున అడుగుభాగము నీరు చొరని రబ్బరుతో, లోతైన పళ్ళతో నుండి, పైభాగము పిక్కల సగమువరకు వచ్చి, లోపలి ఉన్ని తొడుగు విడదీయుటకు వీలైన జతనే కొనవలయును. ఈ తొడుగే ముఖ్యము. పగలంతయు పట్టిన చెమటతో అది తడిసియుండును. రాత్రి వెలుపలికి తీసి ఆరబెట్టనిచో, మరునాడు ఎంత ఖరీదైన బూటైనను పాదమును కాపాడజాలదు.

బూట్ల పెట్టెపై, ఎంత చలివరకు కాపాడునో తెలుపుచు, తరచు 'మైనస్ 40' అని యుండును (సెల్సియసైనను ఫారన్‌హీటైనను ఆ యంకె యొక్కటే). దానిని అక్షరాల నమ్మకుడు. తయారీదారులందరును ఒకే తీరున పరీక్షించి వేసిన యంకె కాదది.

ప్రయాణమున ధరించు దళసరి ఉన్ని మేజోళ్ళతోనే అంగడిలో తొడిగి చూడుడు. వ్రేళ్ళు స్వేచ్ఛగా కదలవలయును. రెండేసి మేజోళ్ళు తొడుగుట మనవారికి సహజముగా తోచు ఉపాయమే గాని, బూటు బిగిసినకొలది రక్తప్రసారము మందగించి చలి హెచ్చును. నూలు మేజోళ్ళు చెమటను పీల్చి తడిగానే నిలుచును గనుక అసలే వలదు.

ధనము పరిమితమైనచో పైమెరుగులకు వెచ్చింపక, అదనముగా మరియొక జత తొడుగులు కొనియుంచుకొనుడు.