హెడ్ విప్పించే ముందు

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ ఫోన్లో చెప్పినదానికీ నువ్వు రాసినదానికీ పొంతన లేదు. "బండి కొంచెం వేడెక్కింది మామా" అని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. మొగిలి ఘాట్‌లో అర్ధరాత్రి బండి ఆవిరి కక్కిందని, రేడియేటర్ మూత తీయబోతే మరిగే నీళ్లు నీ మోచేతి మీద పడ్డాయని ఆమె చెప్పింది. చెయ్యి ఎలా ఉంది? ముందు అది రాయి. బొబ్బలు చిదపకు, ఇంజనాయిలు పూయకు, డాక్టరుకు చూపించు.

హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి అన్నాడట మెకానిక్. నువ్వు అప్పుకు తిరుగుతున్నావట. గ్యాస్కెట్ పోయిందని అతనికెలా తెలిసిందో అడిగావా? పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ నిండా నీళ్లు పోసి మూత పెట్టకుండా స్టార్ట్ చేయించు. మూతి దగ్గర బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఆపి మూత పెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే, నీళ్లింకా వేడెక్కకముందే పైన ఉన్న హోస్ గట్టిపడుతోందా? డిప్‌స్టిక్ మీద ఆయిల్ చిలికినట్టు తెల్లబడిందా? ఎక్కడా చుక్క కారకుండానే నీళ్లు రోజూ తగ్గిపోతున్నాయా, ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తోందా? వీటిలో ఏది కనబడినా అతని మాటకు ఆధారముంది. అప్పుడు కూడా ఉత్త గ్యాస్కెట్ మార్చి ఊరుకోనివ్వకు. హెడ్ వంగిందా, పగిలిందా అని చూపించాలి. ఇవేవీ లేకపోతే హెడ్ మీద స్పానర్ పెట్టనివ్వకు.

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది నీ ఉత్తరం చివర్లో ఉంది. థర్మోస్టాట్ పోయినేడే పీకించేశావట! అది ఉంటే బండి వేడెక్కుతుందని ఎవరో చెప్పారట. అల్లుడూ, ఈ మాట నేను క్లీనరుగా లారీ ఎక్కిన రోజుల నుంచీ వింటున్నాను. ఎన్ని ఇంజన్లు దీనికి బలయ్యాయో!

థర్మోస్టాట్ అనే ఆ వాల్వు ఇంజను చల్లగా ఉన్నంతసేపూ రేడియేటర్ దారి మూసి, నీళ్లను ఇంజన్‌లోనే తిప్పుతుంది. సాధారణంగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. తెరుచుకుంటూనే, చాలా ఇంజన్లలో, రేడియేటర్‌కు పోకుండా నీళ్లు తిరిగే అడ్డదారిని మూసేస్తుంది. పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్‌ను తాకకుండానే మళ్లీ ఇంజన్‌లోకి వస్తుంది. చిత్తూరు దాకా చదునులో నీకేమీ తెలియదు. బంగారుపాళెం దాటి లోడుతో పలమనేరు ఎక్కేటప్పుడే బయటపడుతుంది. ఇక మార్గశిరంలో మీ పలమనేరు చలికి ఇంజను చాలాసేపు వేడెక్కదు. సరిగా కాలని డీజిలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. బోరు అరుగుతుంది. అందుకే చెబుతున్నాను, ఆ వాల్వు మళ్లీ పెట్టించు. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి చూడు. దాని మీద కొట్టి ఉన్న అంకె దగ్గర కదలాలి, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. కొత్తదైనా చూసే పెట్టించు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ బండి రాగానే బానెట్ ఎత్తనిచ్చేవాడు కాదు. "ముందు డ్రైవర్ని అడగరా" అనేవాడు. ఎక్కడ వేడెక్కింది? ఎత్తు ఎక్కేటప్పుడా, చదునులోనా? ట్రాఫిక్‌లో ఆగినప్పుడా? చదునులో పరిగెడుతూ వేడెక్కితే రేడియేటర్, ఆగినప్పుడు వేడెక్కితే ఫ్యాను ముందు చూడమనేవాడు. మధ్యాహ్నం ఆయన భార్య క్యారియరు పంపితే గోంగూరలో ఉల్లిపాయ నంజుకుంటూ కూడా ఇవే ప్రశ్నలు. ఆ తల్లి నాకు విడిగా ఒక గిన్నె పంపేది. నీ వయసే నాకప్పుడు. ఇప్పుడు నువ్వు వేళకు తింటున్నావా?

రేడియేటర్ మూత కూడా మార్చు. దాని మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అదే అంకెది తెచ్చుకో. లోపల ఒక బార్ ఒత్తిడి నిలిస్తే నీళ్లు 120 డిగ్రీల దగ్గరికి పోయేదాకా మరగవు. మూత రబ్బరు పోతే గ్యాస్కెట్ పోయిన కుక్కరే, వందకే పొంగి బయటికి పోతుంది. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న మట్టి, గడ్డిపరకలు ఇంజను వైపు నుంచి నెమ్మదిగా నీళ్లు కొట్టి కడుగు. బెల్టు బిగువు చూడు. ఇంజను ఆపాక విస్కస్ ఫ్యాన్‌ను చేత్తో తిప్పు. వేడి మీద బిగువు లేకుండా తిరిగిందంటే అది పోయినట్టే. ఇక బోరునీళ్లు పోయడం మానెయ్. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా పేరుకుంటుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పొయ్యి.

దారిలో టెంపరేచర్ గేజీ ముల్లు ఎరుపులోకి పోతే పక్కకు తీసి ఆపేయ్. బండిలో టమాటాలు కుళ్లితే కుళ్లనీ. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయినా సంతోషించకు. నీళ్లు సెన్సరు కంటే కిందికి దిగితే గేజీ చల్లగా చూపిస్తుంది, ఇంజను మాత్రం కాలిపోతూ ఉంటుంది. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోయకు, హెడ్ పగులుతుంది. హోస్ మెత్తబడేదాకా మూత ముట్టకు.

డీజిలు మిగులుతుందని కోయంబేడు మార్కెట్‌కు పోయేటప్పుడు ఘాట్ న్యూట్రల్‌లో దించుతున్నావని కూడా విన్నాను. అది అబద్ధమని రాయి, నమ్ముతాను. నిజమైతే ఈ రోజుతో ఆపు.

ఇంజను నంబరు, బండి మోడల్ సంవత్సరం రాసి పంపితే మూత, వాల్వు ఇక్కడే కొని బస్సులో పార్సిల్ వేస్తాను. అవి బిగించేదాకా లోడు ఒప్పుకోకు. అప్పు మాట ఎవరి దగ్గరా ఎత్తొద్దు. హెడ్ నిజంగానే పోయుంటే ఆ ఖర్చు నేను చూసుకుంటాను, మీ అత్తతో కూడా మాట్లాడాను. నేను చెప్పిన పరీక్షలు రేపు పొద్దున్నే చేసి ఏం కనబడిందో ఫోన్ చెయ్.

నీ మామ