వర్ణమాపకము తప్పు చూపునపుడు
వర్ణమాపకముతో సవరించిన పిమ్మట కంప్యూటరు తెరపై తెలుపు పసుపువన్నె దాల్చినచో ఉపేక్షింపరాదు. అట్టి తెరను నమ్మి దిద్దిన ఛాయాపటములు ముద్రణమున నీలివన్నెకు తిరుగును. మేము మొదట తెరను అరగంట వెలిగించియుంచి, దీపముల నార్పి, మాపకమును తెరకు సందులేక ఆనించి మరల కొలుతుము. కటకముపై ధూళి యున్న పొడిగుడ్డతో తుడుతుము, నీరు తగులనీయము. సాఫ్టువేరునందు తెరజాతి సరిగా నెన్నుకొనబడినదో లేదో చూతుము. పెక్కుమారులు దోషమచ్చటనే యుండును.

వేఱొక మంచి తెరపైనను అదే పసుపు కన్పట్టెనా, దోషము మాపకమునదే. కొన్ని పాత మాపకములలోని రంగు వడపోతలు తేమచే క్రమముగా చెడును. వానిని కడిగి బాగుచేయుట వృథాశ్రమ. మంచి స్పెక్ట్రోఫోటోమీటరు ఎరువు దొరికినచో, రెంటితోను ఒకే తెరను కొలిచి, ఆ భేదమును సాఫ్టువేరునకు సవరణగా నొసగి కొంతకాలము పని జరుపుకొనవచ్చును. వేఱుజాతి తెరకు ఆ సవరణ చెల్లదు, మరల కొలువవలసినదే.