అరెస్టు దగ్గర ఆగిపోయిన కథ: ‘ఢిల్లీ క్రైమ్’కి అంత పేరు తగినదేనా?

వెబ్ సిరీస్‌ల మాట వస్తే మన దగ్గర ఎవరో ఒకరు ‘ఢిల్లీ క్రైమ్’ పేరు ఎత్తుతారు. ఎత్తినవాళ్ళు మామూలుగా చెప్పరు, కళ్ళు పెద్దవి చేసి చెప్తారు. "అది చూడకుండా క్రైమ్ సిరీస్‌ల గురించి మాట్లాడకు" అని తీర్పు కూడా ఇచ్చేస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. రిచీ మెహతా తీసిన ఈ సిరీస్ 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 2020 నవంబరులో అంతర్జాతీయ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సిరీస్ బహుమతి అందుకుంది. మన దేశం నుంచి ఆ బహుమతి కొట్టిన మొదటి సిరీస్ ఇదే.

మరి ఆ పేరుకి తగినంత ఉందా? నా లెక్కలో సగానికి పైగానే ఉంది. మిగతా దాని మీదే నా పేచీ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలం చూసినప్పుడు ఆ పేచీ ఇంకొంచెం పెద్దదవుతుంది. ఎందుకో చెప్తాను.

ముందు మంచి గురించి. మన తాతల తరం కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు పోటీలు పడి చదివింది. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. అక్కడ ఆట అంతా ‘ఎవరు చేశారు?’ అన్న ప్రశ్నలో ఉంటుంది, ఆ పేరు చివరిదాకా దాచిపెట్టడమే రచయిత పని. ‘ఢిల్లీ క్రైమ్’ మొదటి సీజన్‌లో ఆ ప్రశ్నే లేదు. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో ఏం జరిగిందో, ఎవరు చేశారో దేశమంతటికీ తెలుసు. అయినా ఏడు ఎపిసోడ్లు కదలకుండా కూర్చోబెట్టిందంటే ఉత్కంఠ వేరే చోటి నుంచి పుడుతోందన్నమాట. ఎక్కడి నుంచి? పని నుంచి. ఢిల్లీ రోడ్ల మీద లెక్కలేనన్ని బస్సుల్లో ఒక్క బస్సుని పట్టుకోవాలి. సీసీటీవీ ముందు కూర్చుని చూసిందే చూడాలి. ల్యాబ్‌లో ఒక్క సెమీకోలన్ కోసం మూడు గంటలు వెతికినవాళ్ళకి ఆ సీన్లలోని మజా వేరే చెప్పనక్కర్లేదు. ఇలాంటి కథల్ని దర్యాప్తు కథలు అనొచ్చు. హీరో తెలివి కంటే ఓపిక ముఖ్యం ఇక్కడ. నిద్ర లేని కానిస్టేబుళ్ళు, చాలని సిబ్బంది, కూతురి పెళ్ళి గురించి ఆలోచించుకుంటూనే డ్యూటీ చేసే ఇన్‌స్పెక్టర్ భూపేంద్ర. వీళ్ళంతా నిజంగా ఏ స్టేషన్‌కి వెళ్ళినా కనిపించే మనుషులే.

రెండో మంచి ఇంకా పెద్దది. ఆ రాత్రి బస్సులో జరిగిన ఘోరాన్ని సిరీస్ ఎక్కడా చూపించదు. డాక్టర్ మాటల్లో వింటాం, పోలీసుల ముఖాల్లో చూస్తాం. దొరికిన నిందితుడు విచారణలో ఏ మాత్రం తడబడకుండా మాట్లాడుతుంటే ఎదురుగా కూర్చున్న డీసీపీ వర్తిక ముఖం చూడాలి. షెఫాలీ షా ఆ ఒక్క సీన్‌కే బహుమతి ఇవ్వదగ్గ నటి. కొత్తగా డ్యూటీలో చేరిన నీతి (రసికా దుగల్) ఆసుపత్రిలో బాధితురాలి దగ్గర కూర్చునే సీన్లలో కూడా కెమెరా దూరం పాటిస్తుంది.

ఈ సంయమనం విలువ మిర్యాలగూడ వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 2018 సెప్టెంబరు 14 పట్టపగలు, ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కనే ఉండగా ఒక యువకుణ్ణి నరికి చంపారు. కులం వేరని. ఆ సీసీటీవీ దృశ్యాన్ని మన టీవీ చానెళ్ళు ఎన్నిసార్లు తిప్పి తిప్పి వేశాయో గుర్తుందా? మనం అప్పుడు స్కూల్లో ఉన్నాం. అన్నం తింటూ చూశాం. ‘ఢిల్లీ క్రైమ్’ చూపించకుండానే ఒళ్ళు జలదరింపజేస్తే, మన న్యూస్ చూపించి చూపించి చర్మం మొద్దుబారేలా చేసింది. 2020లో రాంగోపాల్ వర్మ ‘మర్డర్’ అని ఒక సినిమాతో వస్తే బాధిత కుటుంబం కోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. ఒకరి దుఃఖాన్ని కథ చేసుకునే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్న మనకి సినిమా చర్చ కాదు, పక్క వీధి సంగతి.

ఇక పేచీ. ఈ సిరీస్ మొత్తం పోలీసు కంటితోనే చూస్తుంది. కథ దర్యాప్తు ఫైళ్ళ నుంచి, ఆ కేసు చూసిన అధికారుల నుంచి వచ్చింది కాబట్టి అది సహజమే అనుకోవచ్చు. కానీ దాని ఫలితం చూడండి. బయట ఇండియా గేట్ దగ్గర వేలమంది ఆడపిల్లలు, అబ్బాయిలు చలిలో నీటి ఫిరంగుల్ని ఎదుర్కొని నిలబడితే, సిరీస్‌లో వాళ్ళు దర్యాప్తుకి అడ్డుపడే గోలలాగా వినిపిస్తారు. మీడియా అంటే చిరాకు. రాజకీయ నాయకుడంటే అడ్డంకి. మంచివాళ్ళంతా ఖాకీలో ఉన్నారు. నిజంలో ఆ గోల వల్లే కదా జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ వచ్చింది! దాదాపు 80,000 సూచనలు చదివి, 29 రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. అందులో పోలీసు వ్యవస్థ మీదా గట్టి విమర్శలున్నాయి. ఆ ఏడాదే చట్టం మారింది. రోడ్డెక్కిన జనం చేసిన పని అది. సిరీస్‌కి అది కనపడలేదు.

మా క్లబ్‌లో దీని మీద మాట్లాడుకుంటుంటే కోదాడ జూనియర్ ఒకడు అడిగాడు: "అన్నీ బాగున్నయి గానీ అన్నా, కోర్టు ఏది ఇందులో?" అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే అసలు పాయింట్ అదే. ఆరుగురూ దొరకగానే సిరీస్ ఊపిరి పీల్చుకుంటుంది. నిజంలో అప్పటికి వారం కూడా గడవలేదు. డిసెంబరు 29న ఆమె సింగపూర్‌లో చనిపోయింది. ఛార్జిషీటు జనవరి 3న, ఉరిశిక్ష తీర్పు 2013 సెప్టెంబరులో, సుప్రీంకోర్టు ఖరారు 2017 మేలో, అమలు 2020 మార్చి 20న. అంటే సిరీస్ చూపించింది ఏడేళ్ళ పైచిలుకు ప్రయాణంలో మొదటి కొద్ది రోజులు.

మిర్యాలగూడ కేసులో కూడా అంతే. అరెస్టులు త్వరగానే జరిగాయి. మొదటి నిందితుడు 2020 మార్చిలో చనిపోయాడు. నల్లగొండ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2025 మార్చి 10న. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. హత్యకీ తీర్పుకీ మధ్య ఆరున్నరేళ్ళు, నాలుగు రోజులు తక్కువ. అప్పుడు పుట్టని బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది. ఈ మధ్య కాలంలో ఎన్ని వాయిదాలు, ఎంతమంది సాక్షులు, వాళ్ళ మీద ఎన్ని రకాల ఒత్తిళ్ళు ఉండి ఉంటాయో ఊహించుకోండి. ఉత్కంఠ ఉన్నది నిజంగా అక్కడ. దాన్ని ఎవరూ ఏడు ఎపిసోడ్లుగా తీయలేదు.

అరెస్టుతో కథ ముగించడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. దొరికితే చాలు, న్యాయం అయిపోయినట్టే అన్న భావం మనలో నాటుకుంటుంది. దాని కొస ఎక్కడుందో మన తెలంగాణలోనే చూశాం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర జరిగిన ‘దిశ’ ఘటనలో ఫిర్యాదు తీసుకోవడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. అదే పోలీసుల మీద జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. పూలు చల్లిన చేతుల్లో ఎంతమంది ఆ నివేదిక గురించి విన్నారు?

ఇక్కడ ‘ఢిల్లీ క్రైమ్’కి ఒక మార్కు తప్పకుండా వెయ్యాలి. వర్తిక కోపంతో ఊగిపోతుంది కానీ తుపాకీ వైపు వెళ్ళదు. కోర్టులో నిలబడే కేసు కావాలన్నదే ఆమె పట్టు. మన తెలుగు పోలీసు సినిమాల్లో ఇంటర్వెల్ ముందు ఒక ఎన్‌కౌంటర్ లేకపోతే హీరోకి విజిల్స్ పడవు కదా, వాటితో పోలిస్తే ఇది చాలా పెద్ద తేడా.

అందరూ మొదటి సీజనే గొప్పదంటారు. నాకు 2022లో వచ్చిన రెండో సీజనే కొన్ని విషయాల్లో నిజాయితీగా అనిపించింది. ఐదు ఎపిసోడ్లే. దర్యాప్తు మొదటి దాంత పకడ్బందీగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పోలీసులే అనుమానంలో పడతారు. వృద్ధుల్ని చంపుతున్న ముఠాని వెతుకుతూ ఒకప్పుడు ‘నేరస్థ తెగలు’ అని ముద్రపడ్డ వాళ్ళని గుంపులుగా పట్టుకొస్తారు. 1871 నాటి బ్రిటిష్ చట్టం పుట్టుకతోనే దొంగలని తేల్చిన మనుషులు వాళ్ళు. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం పేరు వినగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏమంటారో ఒకసారి అడిగి చూడండి. ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ పెట్టిన ఆ ఊరి పేరుని సినిమాలు దొంగతనానికి మారుపేరు చేసేశాయి. రెండో సీజన్ చూస్తే ఆ మాట నోట్లోంచి అంత తేలిగ్గా రాదు.

కాబట్టి చూడనివాళ్ళు రెండు సీజన్లూ చూడండి, మొదటిది ఒక్కటే చూసి ఆపేయకండి. ఇక మన క్లబ్ షార్ట్ ఫిల్మ్ టీమ్‌లో మిర్యాలగూడ మీద ఏదో రాయాలని ఇద్దరు ముగ్గురు అనుకుంటున్నారని విన్నాను. వాళ్ళకి ఒక్క మాట. ఆ సీసీటీవీ దృశ్యంతో మొదలుపెట్టకండి. నల్లగొండ కోర్టు వరండాలో, ఎన్నో వాయిదానో ఎవరూ లెక్కపెట్టని ఒక రోజు, బస్సు దిగి వచ్చి తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని బెంచీ మీద కూర్చున్న సాక్షి దగ్గర మొదలుపెట్టండి.