సమన్లు సముద్రం దాటాలంటే

ప్రశ్న: మా అమ్మాయి భరణం కోసం గుంటూరు ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. అల్లుడు డాలస్‌లో ఉన్నాడు. సమన్లు వాట్సాప్‌లో పంపేస్తే సరిపోదా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: ఆ ధీమా పనికిరాదు. మన కోర్టులు కొన్ని కేసుల్లో వాట్సాప్‌కు ఒప్పుకున్న మాట నిజమే. కానీ రేపు అల్లుడు వచ్చి "నాకు సమన్లే అందలేదు" అని రుజువు చేస్తే, ఎక్స్‌పార్టీ (ఏకపక్ష) తీర్పు రద్దయి కేసు మళ్లీ మొదటికొస్తుంది. పదిలమైన దారి, కోర్టు కాగితాలను విదేశాల్లో అందించడానికి దేశాలు చేసుకున్న 1965 నాటి హేగ్ ఒప్పందం. భారత్‌కు అది 2007 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా అంతకు ఎంతో ముందే చేరింది.

ఒప్పందంలోని నమూనా ఫారం నింపి, కాగితాలు రెండేసి ప్రతులు కోర్టు ద్వారానే పంపించాలి. అక్కడ సమన్లు అందించే పనిని అమెరికా న్యాయశాఖ ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది, దాని రుసుము ముందే కట్టాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. పనయ్యాక అక్కడి నుంచి ఒక ధ్రువపత్రం వస్తుంది. ఏ తేదీన, ఏ చిరునామాలో, ఎవరి చేతికి, ఎలా ఇచ్చారో అందులో ఉంటుంది. ఇవ్వలేకపోతే కారణం రాస్తారు. కేసుకు ఆయువుపట్టు ఆ కాగితమే. అన్ని ప్రయత్నాలూ చేసినా ఆరు నెలలకూ అది రాకపోతే, జడ్జి తీర్పు ఇవ్వడానికి వీలుంది.

చిరునామా తెలియని మనిషికి మాత్రం ఈ ఒప్పందం వర్తించదు. అందుకే అపార్ట్‌మెంటు నంబరు, జిప్ కోడ్‌తో సహా అల్లుడి ఇప్పటి అడ్రసు సంపాదించడమే మీరు చేయాల్సిన మొదటి పని.

ప్రశ్న: అమెరికా కోర్టు విడాకుల కాగితాలు కొరియర్‌లో వచ్చాయి. తీసుకోవద్దు, తిప్పి పంపించెయ్యమంటున్నారు మా బాబాయి.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తిప్పి పంపొద్దు. విదేశీ సమన్లు నేరుగా పోస్టులో పంపడానికి భారత్ ఒప్పుకోలేదు. మామూలుగా అవి కేంద్ర న్యాయశాఖకు, అక్కడి నుంచి స్థానిక కోర్టుకు చేరి, ఆ తర్వాతే ఇంటికి రావాలి. కాబట్టి కాగితాలు నేరుగా పంపారన్న అభ్యంతరం గట్టిదే. అయితే దాన్ని గడువులోగా లాయరు చేత అమెరికా కోర్టులో చెప్పించాలి. ఊరుకుంటే ఏకపక్షంగా విడాకులు మంజూరయ్యే ప్రమాదం ఉంది.

1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కథ మీకు ధైర్యాన్నిస్తుంది. భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. అంతకుముందే భార్య నిరసన తెలుపుతూనే ఆ కోర్టుకు జవాబు పంపింది. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు అందినంత మాత్రాన చాలదని, వాదించుకునే అసలైన అవకాశం ఉండాలని చెప్పింది.

కవరు, దాని మీది తేదీ ముద్ర జాగ్రత్తగా దాచి, ఈ వారమే లాయరును కలవండి.