పేరు అడగని ఫోటో

ఒక ఫోటో వుంది. నలుపు తెలుపు ఫోటో. అందులో ఒక తల్లి కూర్చుని వుంది. ఒళ్లో పసిబిడ్డ. అటొక పిల్ల, ఇటొక పిల్ల. ఇద్దరూ తల్లి భుజాల మీద తలలు ఆనించి, ముఖాలు అటు తిప్పుకున్నారు. తల్లి చెయ్యి గడ్డం దగ్గర వుంది. చూపు ఎక్కడో దూరాన వుంది. పిల్లలకు రేపు ఏం పెట్టాలి అని ఆలోచిస్తున్నట్టు వుంటుంది.

ఆ ఫోటో తీసింది 1936 మార్చి నెలలో. అమెరికా దేశం, కాలిఫోర్నియా రాష్ట్రం, నిపోమో అనే ఊరి దగ్గర. తీసింది కూడా ఒక ఆడమనిషే. ఆమె పేరు డొరొతియా లాంజ్.

ఈ ఫోటోను ప్రపంచమంతా చూసింది. పుస్తకాల్లో వేశారు. పత్రికల్లో వేశారు. కాని ఫోటోలో వున్న తల్లి పేరు నలభై ఏళ్లకు పైగా లోకానికి తెలియలేదు. ఎందుకని? ఆ రోజు ఆమె పేరు అడగలేదు గనుక.

రోడ్డే ఇల్లయిన కాలం

లాంజ్ 1895లో పుట్టింది. ఏడేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఒక కాలు బలహీనపడింది. జీవితమంతా కుంటుతూనే నడిచింది. పెద్దయ్యాక శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఫోటో స్టూడియో పెట్టుకుంది. డబ్బున్నవాళ్లు వచ్చి ఫోటోలు తీయించుకునేవాళ్లు. పని బాగానే సాగేది.

1929లో అమెరికాలో వ్యాపారాలు కూలాయి. తర్వాత బ్యాంకులు మూతపడ్డాయి. లక్షల మందికి పనులు పోయాయి. దానికి తోడు కరువు. ఓక్లహోమా, టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో వానలు లేవు. పొలాల్లో మట్టి ఎండి, గాలికి లేచిపోయింది. దుమ్ము తుఫానులు వచ్చాయి. పంటలు పోయాయి.

జనం ఊళ్లు వదిలి కాలిఫోర్నియాకు బయలుదేరారు. అక్కడ పండ్ల తోటలున్నాయి, పత్తి చేలున్నాయి, కూలి దొరుకుతుందని ఆశ. పాత కార్ల మీద పరుపులు, గిన్నెలు, మూటలు కట్టారు. పిల్లల్ని ఎక్కించుకున్నారు. దారిలో కారు ఆగిపోతే అక్కడే డేరా వేసుకున్నారు. కారు లేనివాళ్లు నడిచారు.

లాంజ్ స్టూడియో వదిలి బయటికి వచ్చింది. 1935లో ప్రభుత్వ కొలువులో చేరింది. పల్లె జనం కష్టాలు ఫోటోలు తీయడం ఆమె పని. అందుకోసం వేల మైళ్లు తిరిగింది.

1937లో తీసిన ఒక ఫోటోలో ఇద్దరు మగవాళ్లు సంచులు పట్టుకుని రోడ్డు వెంట నడిచిపోతున్నారు. రోడ్డు పక్కన రైలు కంపెనీ వాళ్ల పెద్ద బోర్డు వుంది. ఈసారి రైలెక్కండి, హాయిగా వెళ్లండి అని దాని మీద రాసి వుంది. బోర్డు కింద మనుషులు కాళ్లీడ్చుకుంటూ పోతున్నారు. టికెట్టుకు డబ్బులుంటే ఎందుకు నడుస్తారు?

1938లో ఓక్లహోమాలో తీసిన మరో ఫోటోలో ఒక కుటుంబం నడిచిపోతోంది. అయిదుగురు పిల్లలు. చిన్న బండిని లాగుకుంటూ పోతున్నారు. వాళ్లు ఏ ఊరి నుంచి బయలుదేరారో, ఏ ఊరికి పోతున్నారో లాంజ్ అడిగి రాసుకుంది. అది ఆమె అలవాటు. ఎక్కడి నుంచి వచ్చారు, కూలి ఎంత, పిల్లలెందరు అని అడిగేది. రాసుకునేది.

కాని నిపోమో దగ్గర మాత్రం అట్లా జరగలేదు.

వెనక్కి తిరిగిన కారు

ఆ రోజు వాన పడుతోంది. లాంజ్ నెల రోజులు ఊళ్లు తిరిగి, ఒంటరిగా కారు నడుపుకుంటూ ఇంటికి పోతోంది. బాగా అలసిపోయింది. ఇంకా ఏడు గంటల ప్రయాణం వుంది. దారి పక్కన ఒక బోర్డు కనిపించింది. బఠాణీ కోసే కూలీల మకాం అటు వుందని దాని మీద రాసి వుంది. చదివింది. ఆగకుండా పోయింది.

పోతోంది కాని మనసు ఊరుకోలేదు. తీసిన ఫోటోలు చాలవా అని తనకు తానే చెప్పుకుంది. అట్లా 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు పోయింది. చివరికి కారు వెనక్కి తిప్పింది.

అక్కడ రెండున్నర వేల మందికి పైగా కూలీలున్నారు. బఠాణీ పంట చలికి మాడిపోయింది. కోత లేదు. కూలి లేదు. తిండి లేదు.

ఒక డేరాలో ఒక తల్లి, ఆమె పిల్లలు కనిపించారు. లాంజ్ దగ్గరకు పోయింది. ఒక్కో ఫోటోకు ఒక్కో అడుగు ముందుకు వేసింది. పది నిమిషాల్లో పని అయిపోయింది. వయసు 32 ఏళ్లని ఆ తల్లి చెప్పింది. పేరు మాత్రం లాంజ్ అడగలేదు. ఊరు కూడా అడగలేదు.

తిండి వచ్చింది, ఆమె లేదు

లాంజ్ ఆ ఫోటోలను శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక పత్రికకు చూపింది. పత్రిక వాళ్లు అధికారులకు కబురు చేశారు. ఫోటోలు అచ్చయ్యాయి. ప్రభుత్వం ఆ మకాముకు 20 వేల పౌన్లు, అంటే సుమారు 90 క్వింటాళ్ల తిండి సామాను పంపింది. అక్కడి జనం ఆకలి తీరింది. ఒక ఫోటో చేసిన మేలు అది.

కాని తిండి వచ్చేసరికి ఆ తల్లి అక్కడ లేదు. కారు బాగుచేసుకుని, పని వెతుక్కుంటూ పిల్లలతో ముందుకు పోయింది.

ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. 1903లో ఓక్లహోమా ప్రాంతంలో పుట్టింది. అమెరికాలో మొదటి నుంచీ వున్న చెరోకీ అనే జాతి మనిషి. మొదటి భర్త 1931లో క్షయతో చనిపోయాడు. పిల్లల్ని సాకడానికి చేలల్లో పనిచేసింది. పత్తి ఏరింది. పంట ఎక్కడ కోతకొస్తే అక్కడికి పోయింది.

ఆ కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకుందని లాంజ్ రాసింది. అది నిజం కాదని ఫ్లోరెన్స్ కొడుకు తర్వాత చెప్పాడు. కారు చెడిపోయి ఆగామని, మగవాళ్లు మరమ్మతు కోసం ఊళ్లోకి పోయారని అన్నాడు. లాంజ్ వేరే కుటుంబం సంగతి కలిపి వుంటుందన్నాడు. పేరూ ఊరూ అడిగి రాసుకోకపోతే ఒకరి కథ ఇంకొకరికి అంటుకుంటుంది.

ఫ్లోరెన్స్ రాసిన ఉత్తరం

ఏళ్లు గడిచాయి. ఫోటో ఎక్కడ చూసినా కనిపించేది. ఫ్లోరెన్స్ పిల్లలకు అది నచ్చేది కాదు. అమ్మను చూసి లోకం జాలిపడడం వాళ్లకు చిన్నతనంగా అనిపించేది. వాళ్లమ్మ జాలిగా కూర్చున్న మనిషి కాదు. కష్టపడి బిడ్డల్ని బతికించిన మనిషి.

1958లో ఒక ఫోటోల పత్రికలో ఫ్లోరెన్స్ తన బొమ్మ చూసింది. కలం పట్టుకుని పత్రికకు ఉత్తరం రాసింది. తనను అడగకుండా వేశారని, ఇంక వేయవద్దని రాసింది. కాని ఫోటో ఆగలేదు. అది ప్రభుత్వం కోసం తీసినది. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. లాంజ్‌కు కూడా జీతం తప్ప ఫోటో మీద డబ్బు రాలేదు. పేరు మాత్రం వచ్చింది. ఫ్లోరెన్స్‌కు ఆ పేరు కూడా రాలేదు.

1978లో ఆమె ఎవరో పత్రికల వాళ్లకు తెలిసింది. అప్పుడు లోకానికి ఆమె మాట వినిపించింది. ఆ ఫోటో తీయకుండా వుంటే బాగుండేదని ఆమె అంది. దానివల్ల తనకు ఒక్క పైసా కూడా రాలేదంది.

1983లో ఆమెకు క్యాన్సర్ వచ్చింది. పక్షవాతం కూడా వచ్చింది. వైద్యానికి డబ్బు చాలక పిల్లలు సాయం అడిగారు. దేశం నలుమూలల నుంచి రెండు వేలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. 35 వేల డాలర్లకు పైగా డబ్బు వచ్చింది. ఆ ఫోటో చూస్తే తమకు ధైర్యం కలుగుతుందని జనం రాశారు. ఆ ఉత్తరాలు చదివాక పిల్లల మనసు మారింది. అమ్మను జనం జాలితోనే కాదు, గౌరవంతో కూడా చూశారని వాళ్లకు అర్థమైంది. ఆ సెప్టెంబరులో ఫ్లోరెన్స్ చనిపోయింది.

1998లో అమెరికా తపాలా శాఖ ఆ ఫోటోతో 32 సెంట్ల స్టాంపు వేసింది. దారిలో ఆగిపోయిన తల్లి బొమ్మ ఉత్తరాల మీద ఊరూరా తిరిగింది.

ఫోటో వల్ల ఆకలిగొన్నవాళ్లకు తిండి వచ్చింది. అది నిజం. ఫోటోలో వున్న మనిషిని పేరు అడగలేదు. ఆమె మాట వినలేదు. అదీ నిజమే. మంచి పని చేసేటప్పుడు కూడా మనిషిని అడిగి చేయాలి.

మాట్లాడుకోండి

1. లాంజ్ కారు వెనక్కి తిప్పకపోతే ఆ కూలీల గతి ఏమయ్యేది?

2. ఫ్లోరెన్స్‌కు కోపం రావడం న్యాయమేనా? ఎందుకు?

3. మన ఊళ్ల నుంచి కూడా మిరప కోతలకు, ఇటుక బట్టీలకు, మేస్త్రీ పనులకు వలస పోతారు. మీ ఇంట్లో ఎవరైనా పోయారా? ఎట్లా పోయారు? దారిలో ఏం కష్టాలు పడ్డారు?

4. ఇప్పుడు చాలామంది చేతుల్లో సెల్‌ఫోన్ వుంది. బస్సులోనో, పనిచేసే చోటో మిమ్మల్ని ఎవరైనా ఫోటో తీస్తే ఏమని అడుగుతారు?

చేసి చూడండి

మీ ఇంట్లో వున్న ఒక ఫోటో తీయండి. దాని వెనక పెన్సిలుతో మీ చేత్తో రాయండి: ఇందులో ఎవరున్నారు? ఏ ఊరు? ఏ సంవత్సరం? అప్పుడు ఎక్కడికి పోతున్నారు? రేపు మీ మనవరాలు ఆ ఫోటో తిప్పి చూస్తే పేర్లు చదువుకుంటుంది.